గులకరాళ్ళ బాటకి కొబ్బరికాయ

మా నాన్నకి చివరి ఆరేళ్ళూ ఎడమ కాలు మోకాలి కింద నుంచి లేదు. ఎలా పోయిందండీ అని ఎవరైనా అడిగితే "షుగరండి" అని ఒక్క ముక్కతో తేల్చేసేవారు. అడిగినవాళ్ళు ముందే తెలిసిన జవాబు విన్నట్టు తలూపి ఊరుకునేవారు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. షుగరు ఆయనకి పదిహేనేళ్ళ నుంచీ ఉంది. అన్నేళ్ళూ కాలి జోలికి రాలేదు. మా ఊరి మునిసిపాలిటీ జనానికి ఆరోగ్యం నేర్పిస్తామని కంకణం కట్టుకున్న ఏడాదే కాలు పోయింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెతని నేను ఆ ఏడాది కళ్ళారా చూశాను.

ఊరి పేరు రాయను. గోదావరి కాలవ పక్కనున్న ఏ ఊరైనా అనుకోండి, పెద్ద తేడా ఉండదు.

నాన్న ఇరిగేషన్ శాఖలో లస్కరుగా చేసి రిటైరయ్యారు. కాలవ గట్లు, తూములు చూసుకుంటూ తిరిగే ఉద్యోగం అది. ముప్పై ఏళ్ళు ఎండలోనూ వానలోనూ గట్టు మీద రోజుకి పన్నెండు మైళ్ళు నడిచారు. ఆయన్ని ఎవరూ వాకరు అనలేదు, చప్పట్లు కొట్టలేదు, మెళ్ళో దండ వెయ్యలేదు. పైగా లస్కరు కూతుర్ని చేసుకోవడానికి మా అత్తారు కొంచెం వెనకాడారు కూడా. అదే నడకని, కాలవ తూము ఎక్కడుందో తెలియని పెద్దమనుషులు తెల్ల బూట్లు వేసుకుని పొద్దున్నే అరగంట చేస్తే దానికి బ్యానర్లు, మైకు, ప్రారంభోత్సవం.

అమ్మ పోయాక నాన్న నా దగ్గరే ఉండేవారు. రిటైరైనా ఆ గట్టు మీదే పొద్దున ఓ గంట నడిచి వచ్చేవారు. అలా నడుస్తూ ఒకసారి కళ్ళు తిరిగి కూలబడిపోతే, కల్లు గీసే అతను సైకిలు మీద కూర్చోబెట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు. నేను భయపడిపోయి మా ఊరి డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మందులు రాసి, ఎందుకో పాదాల మీద గుండుసూదితో అక్కడక్కడా నొక్కారు. నాన్న ఆ ఏడు కాలవకి నీళ్ళు ఎప్పుడు వదులుతారో చెబుతూనే ఉన్నారు. సూది దిగిన సంగతి ఆయనకి తెలియనే లేదు.

డాక్టరు గారు నన్ను చూసి నెమ్మదిగా అన్నారు. "పాదాలకి స్పర్శ పోయిందమ్మా. నడవమనండి, మంచిదే. కానీ చెప్పు లేకుండా అడుగు తియ్యకూడదు. ఇంట్లో కూడా. దేవుడి గదిలోకైనా సరే."

ఇంట్లో వేసుకోవడానికి మెత్తని చెప్పులు వేరే కొన్నాను. నాన్న వాటిని వేసుకుని వంటింటి గుమ్మం దగ్గరికి రాగానే ఏదో తప్పు చేసినవాడిలా ఆగిపోయేవారు. రోజూ కసురుకుంటే గానీ లోపలికి అడుగు పెట్టేవారు కాదు.

సరిగ్గా అప్పుడే పైనుంచి మా మునిసిపాలిటీకి ఏదో పథకం ఊడిపడింది. జనం నడవాలి, మంచి తిండి తినాలి, జబ్బులు తగ్గాలి. వినడానికి బాగానే ఉంది. ఆటోకి మైకు కట్టి వీధి వీధీ తిప్పారు. సందు మొదట్లో సోడా బండి పక్కన, మిఠాయి కొట్టు మీద, బ్రాందీ షాపు గోడ మీద ఆరోగ్యమే మహాభాగ్యం అని రాయించారు. నేను పాఠాలు చెప్పే హైస్కూలు గ్రౌండు చుట్టూ ఎర్రమట్టి పోసి నడక బాట అన్నారు. ఆ వెంటనే వాకర్స్ సంఘం పుట్టింది. ఊళ్ళో బియ్యం మిల్లు ఉన్న ఒకాయన దానికి ప్రెసిడెంటు. ఆయన ఇంటి నుంచి గ్రౌండు రెండొందల గజాలు. కారులో వచ్చేవారు.

నాన్నని ఆ సంఘంలో చేర్పించింది నేనే. ఒంటరిగా గట్టు మీద పడిపోయే కంటే నలుగురి మధ్యా నడిస్తే మంచిదనుకున్నాను. పడిపోతే పట్టుకునేవాళ్ళుంటారు అనుకున్నాను. పెట్టేవాళ్ళుంటారని అనుకోలేదు.

మా జిల్లాల సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇక్కడ మనిషికి తిండి పెట్టకుండా పంపితే పాపం, పెట్టింది వద్దంటే అంతకంటే పాపం. సంఘంలో మొదటి వారం ఎవరిదో పెళ్ళిరోజని ఇడ్లీలు తెచ్చారు. రెండో వారం ఇంకొకాయన మనవడు పుట్టాడని పెసరట్టూ ఉప్మా. ఆ తర్వాత వంతులు పడ్డాయి. పుట్టినరోజులు, గృహప్రవేశాలు, కొత్త స్కూటరు, కొడుక్కి భీమవరం ఇంజనీరింగ్ కాలేజీలో సీటు, ఏదీ లేకపోతే ఊరికే. నడిచేది రెండు చుట్లు, కూర్చుని తినేది గంటన్నర. ఒకాయన పెట్టినదానికి ఇంకొకాయన తగ్గితే పరువు తక్కువ కనక, మూడు నెలల్లో ఇడ్లీ కాస్తా బొబ్బట్టు దాకా పాకింది. పొట్టలు తగ్గించుకుందామని పొద్దున్నే లేచి వచ్చి ఇంత శ్రద్ధగా పొట్టలు పెంచుకున్న జనాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

రక్తపరీక్ష చేయిస్తే షుగరు అంతకు ముందు కంటే బాగా పెరిగింది. నడవడం మొదలుపెట్టాక పెరగడమేమిటని డాక్టరు గారు తల పట్టుకున్నారు. ఇంటికొచ్చాక నిలదీశాను.

"వద్దంటే పెట్టినాళ్ళు చిన్నబుచ్చుకుంటారమ్మా" అన్నారు నాన్న. "మిల్లుగారు సొయంగా చేత్తో వడ్డిస్తంటే లస్కరు గాడు చెయ్యి అడ్డం పెట్టాడంటే ఏం బాగుంటది?"

అదీ ఆయన జబ్బు. షుగరు ఆ తర్వాతదే. ముప్పై ఏళ్ళు కాలవ గట్టున నిలబడి చేతులు కట్టుకున్న మనిషిని, మిల్లు ఓనరు పక్కన కుర్చీ వేసి అండీ అని పిలుస్తున్నాడు. ఆ కుర్చీ కోసం ఆయన విషమైనా తినేవారు. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనవాళ్ళు సామెతగా చెప్పే ఉన్నారు. టీచర్ని గనక పూర్తిగా రాయలేను.

నేనేదో తెలివైనదాన్నని అనుకుంటారేమో, అదీ చెబుతాను. ఆ పథకంలోనే ఆడవాళ్ళకి ఆరోగ్య వంటల పోటీ పెట్టారు. వరి తిని బతికే మా ఊళ్ళో చోళ్ళంటే, అదే రాగులంటే, ఏజెన్సీవాళ్ళ తిండి. ఇంటికొచ్చిన చుట్టానికి చోడి అంబలి పోస్తే సంబంధాలు తెగిపోతాయి. అలాంటిది ఆ రోజు ప్రతి బల్ల మీదా చోడిపిండే. నేనూ చోడిపిండి లడ్డూలు పట్టుకెళ్ళాను. అందులో చోడిపిండి ఎంత ఉందో నెయ్యి, బెల్లం అంతంత ఉన్నాయి. జీడిపప్పు అద్దాను. నాకు రెండో బహుమతిగా స్టీలు బేసిను ఇచ్చారు. మొదటి బహుమతి ఆవిడ నా కంటే ఎక్కువ నెయ్యి పోసి ఉంటుంది. పోటీ అయ్యాక జడ్జీలకీ మాకూ పులిహోర, బూరెలతో భోజనాలు పెట్టారు. మిగిలిన చోళ్ళ వంటకాలు ఎవరూ ఇంటికి పట్టుకెళ్ళలేదు. ఆ బేసిను ఇప్పటికీ ఉంది, బియ్యం కడగడానికి వాడుతున్నాను.

ఆ తర్వాత గులకరాళ్ళ బాట వచ్చింది. గ్రౌండులో ఓ మూల సిమెంటు పోసి, ఎనిమిది అంకె ఆకారంలో రాళ్ళు పొదిగారు. దాని మీద వట్టి కాళ్ళతో నడిస్తే అరికాలి నరాలు నొక్కుకుని బీపీ, షుగరు, మోకాళ్ళ నొప్పులు అన్నీ పోతాయని బోర్డు రాయించారు. నాన్న ఆ బోర్డు ముందు నిలబడి రెండుసార్లు చదువుకున్నారు.

"మనలాంటోళ్ళ కోసమేనంటమ్మా" అన్నారు.

"మీలాంటివాళ్ళు దాని పక్కకి కూడా వెళ్ళకూడదు. డాక్టరు గారు ఏం చెప్పారు?" అన్నాను.

"ఎల్లనులే. చెప్పులేసుకుని ఒడ్డున నిలబడి చూస్తాను" అని మాటిచ్చారు.

ప్రారంభోత్సవానికి స్కూలు పిల్లల్ని చప్పట్లు కొట్టడానికి వరసల్లో నిలబెట్టారు. పిల్లలతో పాటు నేనూ ఉన్నాను. పూజారి గారు వచ్చి బాటకి పసుపు నీళ్ళు చల్లి, కుంకం పెట్టి, హారతిచ్చారు. మేం కొత్త స్కూటరుకీ, బోరింగు పంపుకీ, జెరాక్స్ మిషనుకీ పూజ చేసేవాళ్ళం. బాటకి చెయ్యకుండా ఊరుకుంటామా? ముఖ్య అతిథి కొబ్బరికాయ కొట్టారు. ఆయన కొట్టాక ప్రెసిడెంటు గారు కొట్టాలి. ఆయన కొడితే సెక్రటరీ కొట్టకపోతే కోపం. ఆ తర్వాత స్థలం చదును చేయించినాయన, సిమెంటు ఇప్పించినాయన, షామియానా వేయించినాయన. ఎవరి కాయ వాళ్ళు, సిమెంటులో గట్టిగా ఉన్నాయి కదా అని, ఆ రాళ్ళ మీదే కొట్టారు. చిప్పల ముక్కలు బాటంతా చెల్లాచెదరయ్యాయి. పెద్ద ముక్కలు పిల్లలు ఏరుకుని తినేశారు. చిన్నవి రాళ్ళ మధ్య ఇరుక్కుని ఉండిపోయాయి. అరికాళ్ళకి మేలు చేసే బాటని ప్రారంభించడానికి, ముందు దాని మీద పెంకులు పరిచిన బుద్ధిమంతులు లోకంలో మేమొక్కళ్ళమే అనుకుంటాను.

ముఖ్య అతిథి బూట్లు విప్పించుకుని, ఫోటో కోసం మూడడుగులు వేసి, నాలుగోది నొప్పెట్టి దిగిపోయారు. అప్పుడు ప్రెసిడెంటు గారు మైకు తీసుకున్నారు.

"ముప్పై ఏళ్ళు కాలవ గట్టు మీద నడిచిన మన పెద్దాయన, మన సంఘానికే ఆదర్శమండి. మొట్టమొదటి పౌరుడిగా ఈ బాట మీద ఆయనే నడవాలండి!"

నాన్న చుట్టూ చూశారు. పిల్లల వరసల వెనక నన్ను వెతికి పట్టుకున్నారు. వద్దని చెప్పడానికి నేను తల అడ్డంగా ఊపితే చాలు. కాస్త గట్టిగా అరిస్తే ఇంకా మంచిది. పక్కనే హెడ్మాస్టరు గారున్నారు, మైకుంది, ఊరి పెద్దలంతా ఉన్నారు. నలుగురిలో అరిస్తే ఏం బాగుంటుందని నేను తల దించుకున్నాను. తలెత్తేసరికి ఆయన చెప్పులు ఒడ్డున ఉన్నాయి. పసుపూ కుంకం పెట్టి హారతిచ్చిన చోట చెప్పులతో ఎలా నడుస్తారు?

ఎనిమిది అంకె మొత్తం రెండుసార్లు తిరిగారు. మిగతావాళ్ళంతా అబ్బా అమ్మా అని ఎగురుతుంటే ఆయన మాత్రం నిమ్మళంగా, గట్టు మీద నడిచినట్టే నడిచారు. "చూశారా, అదీ ఆరోగ్యమంటే!" అని ప్రెసిడెంటు గారు మైకులో అరిచారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

నాలుగో రోజు పొద్దున్న ఇల్లు తుడుస్తుంటే, వరండా నుంచి స్నానాల గది దాకా అడుగుకొకటి చొప్పున తడి మరకలు కనిపించాయి. నాన్నని కూర్చోబెట్టి ఎడమ కాలెత్తి చూశాను. బొటనవేలి కింద మాంసంలో, గోరంత కొబ్బరి చిప్ప ముక్క దిగబడి ఉంది. చుట్టూ నల్లబడిపోయింది. నాన్న కూడా వంగి, ఎవరిదో కాలు చూస్తున్నట్టు ఆశ్చర్యంగా చూశారు.

"నొప్పి లేదమ్మా" అన్నారు. అదే కదా వచ్చిన చావు.

రాజమండ్రి తీసుకెళ్ళాం. రెండు వేళ్ళు తీసేసి మూడు వారాలకి ఇంటికి పంపారు. పుండు ఇంకా మానలేదు. కట్టు తడవకూడదు, మట్టి తగలకూడదు, వట్టిగా నేల మీద ఆ కాలు ఆనకూడదు. కట్టుతో సహా పట్టేలా పట్టీలున్న పెద్ద చెప్పు ఒకటి అక్కడే చేయించి ఇచ్చారు. ఈ నెల జాగ్రత్తగా ఉంటే కాలు దక్కుతుంది, లేకపోతే చెప్పలేం అన్నారు. ఆ మాట నాన్న ముందే, నా ముందే చెప్పారు. ఇద్దరం విన్నాం.

ఇంటికొచ్చిన మర్నాడు సంఘంవాళ్ళు ఎనిమిది మంది పరామర్శకి వచ్చారు. వాకర్లు కదా, ఐదు స్కూటర్లూ ఒక కారూ మా గుమ్మం ముందు ఆగాయి. నాన్నకి శాలువా కప్పారు. ఉత్తమ నడకరి అని చెక్కించిన షీల్డు చేతిలో పెట్టారు. కట్టుతో ఉన్న కాలు కనపడకుండా ఫోటో తీశారు. ఆ పైన పూతరేకుల పెట్టె తీశారు.

"బెల్లంవేనమ్మా" అన్నారు ప్రెసిడెంటు గారు నాతో. "పంచదార చుక్క లేదు. షుగరున్నోళ్ళు ఎన్ని తిన్నా ఏం చెయ్యదు. ఆత్రేయపురం మనిషిని పంపి తెప్పించానండి, ఆయ్."

నాన్న ఒకటి తీసుకుని తిన్నారు. అప్పుడు ఆయన నాన్న వైపు తిరిగి, నవ్వుతూ, "అయినా చూసుకుని నడవాలి కదండీ" అన్నారు.

నేను వంటింట్లోకి వెళ్ళాను. కాఫీకి పాలు పొయ్యి మీద పొంగడానికి సిద్ధంగా ఉన్నాయి. స్టవ్ కట్టేశాను. వచ్చి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాను. వాళ్ళు కాసేపు వానల గురించి మాట్లాడారు. వంటింటి వైపు ఒకటి రెండుసార్లు చూశారు. నాన్న నన్ను చూశారు, ఆ తర్వాత బతిమాలుతున్నట్టు చూశారు. నేను కదల్లేదు. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. చివరికి వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని లేచారు. నా జన్మలో నాకు అంత హాయిగా అనిపించిన సాయంత్రం ఇంకొకటి లేదు.

నాన్న ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాటి నుంచి నాతో మాట్లాడలేదు. వేళ్ళు తీసేసినప్పుడు ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి, కాఫీ ఇవ్వనందుకు వారం రోజులు గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆఖరికి కట్టు మారుస్తుంటే నోరు విప్పారు.

"కాలి ఏళ్ళు పోతే చెప్పులో కనపడవమ్మా. ఇది ఊరంతా కనపడుద్ది. లస్కరు బుద్ధి పోనిచ్చుకున్నాడు కాదంటారు."

"అననివ్వండి. వాళ్ళొక మనుషులా?" అన్నాను.

"వాళ్ళు మనుషులు కాపోతే, నన్ను మనిషి అన్నోళ్ళు ఇంకెవరున్నారు?"

 ఆ తర్వాత రెండు రోజులు మందులు కూడా వేసుకోనని మొండికేశారు. వాళ్ళకి ఒకసారి మన చేత్తో టిఫిను పెడితే గానీ ముద్ద ముట్టనన్నారు. సరేనన్నాను. తెల్లారగట్ల లేచి గారెలు వేసి, పాకంలో వేసినవి కొన్ని, వట్టివి కొన్ని క్యారేజీలో సర్దాను. ఆటో వద్దన్నారు. వాకర్ల దగ్గరికి ఆటోలో వెళ్తే నామోషీ అట. చేతికర్రా, నా భుజమూ పట్టుకుని రెండు వీధులు ఆ పెద్ద చెప్పుతో నడిచారు.

సంఘమంతా గులకరాళ్ళ బాట మీదే ఉంది. దాని మీద అందరూ నడవడం మానేసి చాలా రోజులైందని చూడగానే తెలిసింది. మధ్యలో చిన్న పందిరి వేసి దేవుడి పటం పెట్టారు. చుట్టూ పసుపు రాసి, ముగ్గేశారు. ఒడ్డున అందరి బూట్లూ వరసగా ఉన్నాయి. లోపల చాపలు పరుచుకుని, రాళ్ళు గుచ్చుకోకుండా వాటి మీద దుప్పట్లు వేసుకుని టిఫిన్లకి కూర్చున్నారు. తిండి పెట్టే చోటు కదా, లోపల శుభ్రంగా తుడుచుకున్నారు, మొన్నటి వాన బురద మాత్రం ఒడ్డునే ఉంది, దాన్ని తొక్కకుండా లోపలికి దారి లేదు.

"రండి రండి పెద్దాయనా!" అని ప్రెసిడెంటు గారు లేచి నిలబడ్డారు. ఆయన పక్కన కుర్చీ ఒకటి వేయించారు. మాటల్లో ఏ కోపమూ లేదు. కాఫీ సంగతి ఆయనకి గుర్తున్నట్టు కూడా లేదు.

నాన్న మొహం వెలిగిపోయింది. ఒడ్డు దగ్గర ఆగి కుడి కాలి చెప్పు తనే విడిచారు. ఎడమదానికి వంగలేక నా వైపు చూశారు.

"ఆ చెప్పు తియ్యమ్మా."

క్యారేజీ కింద పెట్టాను. డాక్టర్లు చెప్పింది ఇద్దరం విన్నదే. నేను లెక్కల టీచర్ని, ఆయన కంటే నాకు బాగా తెలుసు. నేను తియ్యనంటే చాలు, నలుగురి ముందు ఆయన అలిగేవారు, వాళ్ళు నవ్వుకునేవారు, అంతకు మించి ఏమీ అయ్యేది కాదు. కుర్చీ దగ్గర ఆయన కోసం విస్తరాకు వేసేశారు. అంతా మా వైపే చూస్తున్నారు.

నేను వంగి పట్టీలు విప్పాను.

మీ నాన్నగారికి కాలు ఎలా పోయిందండీ అని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతుంటారు. షుగరండి, అంటాను.